వంత పాడిన హెప్సిబా టీచర్

కంచరపాలెం రైలు గేటు దాటి, పట్టాల పక్కనే సాగే రాతిగోడ వెంట కొంచెం దూరం నడిస్తే మెథడిస్టు సెమినరీ వస్తుంది. పాదిరులు కాబోయేవాళ్లు చదువుకునే చోటు. పట్టాలకి అంత దగ్గర కావడం వల్ల అక్కడ రైలుకి లొంగని పని ఉండేది కాదు. పోర్టుకి వెళ్లే గూడ్సు బండి వచ్చిందంటే ప్రార్థన చేస్తున్నవాళ్లు ఆమెన్‌కి ముందే ఆగిపోయేవాళ్లు. పాఠం చెబుతున్నవాళ్లు సుద్దముక్క పట్టుకుని కిటికీ వైపు చూస్తూ నిలబడేవాళ్లు. సంగీతం చెప్పే హెప్సిబా టీచర్ ఒక్కతే ఆగేది కాదు. పాత పెడల్ ఆర్గాన్ మీద ఒక మెట్టు నొక్కిపట్టి, ఆఖరి పెట్టె వెళ్లేదాకా కాళ్లతో తొక్కుతూనే ఉండేది, పిల్లలు శ్రుతి మర్చిపోకుండా.

1997 జూలైలో ఒక ఉదయం బండి వెళ్లిపోయింది గానీ దాని మోత ఆగలేదు. టీచర్ ఆర్గాన్ ఆపి తల తిప్పి చూసింది. వెనక వరసలో కొత్తగా చేరిన కుర్రాడొకడు కళ్లు మూసుకుని, రెండు చేతులూ గుండెకి ఆనించుకుని పాడుతున్నాడు. మోత అతని నోట్లోంచే వస్తోంది.

"నీ పేరేమిటి బాబూ?" అంది.

"సింహాచలం అండీ."

క్లాసంతా నవ్వింది. సెమినరీలో సింహాచలం అనే పేరుగలవాడు అంతకుముందు లేడు. చేరిన రోజునే ప్రిన్సిపాల్ కృపాదానం గారు పిలిచి, సీమోను అని మార్చుకుంటే బాగుంటుందేమో ఆలోచించమన్నారట. "మార్సుకుందును గానండీ, మా నాయనమ్మ సీమోనా అని పిలిస్తే నాను పలకనండీ. నన్ను కాదనుకుంటాను," అన్నాడట. పాలకొండ అవతల పల్లె నుంచి వచ్చాడు. అతను పుట్టాక పదేళ్లకి ఇంట్లోవాళ్లు క్రైస్తవ సంఘంలో చేరారు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

పేరుతో టీచర్‌కి పేచీ లేదు. గొంతుతోనే వచ్చింది. ఆ సెమినరీలో సంగీతం పాసవ్వనిదే పట్టా ఇవ్వరు. సంఘాన్ని పాడించలేని పాదిరి ఆదివారం పొద్దున్న ఏం చేస్తాడన్నది వాళ్ల వాదన. హెప్సిబా టీచర్ తన సర్వీసులో ఎవర్నీ ఫెయిల్ చేయలేదు. అది ఆవిడ గర్వం. నాన్నగారు ఇదే సెమినరీలో చదువుకున్న పాదిరి, ఆవిడకి పెళ్లి లేదు, వన్ టౌన్‌లో చెల్లెలింట్లో ఉంటూ రోజూ ఆటోలో వచ్చి వెళ్లేది. పిల్లలు నాలుగు గొంతులుగా విడిపోయి ఒక్క పాటగా కలిసే క్షణం కోసమే ఆవిడ ఆ ఆటో ఎక్కేది.

సాయంత్రాలు సింహాచలాన్ని విడిగా కూర్చోబెట్టి సాధన చేయించింది. మిరియాల పాలు తాగించింది. ఉప్పునీళ్లు పుక్కిలించమంది. హార్మోనియం మీద 'స' పట్టి, ఇది అందుకో బాబూ అంటే అతను భక్తిగా తలూపి, దాని పక్కింట్లో ఉండే స్వరాన్ని అందుకునేవాడు. దసరా సెలవులు దగ్గరపడినా 'స' చేతికి చిక్కలేదు.

"నాకు రాదేమోనండీ టీచరమ్మా," అన్నాడు ఒకరోజు.

"రాకుండా ఎక్కడికి పోతుంది? నోరు సరిగ్గా తెరువు," అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడకే నమ్మకం లేదు.

సెలవులకి ముందు శనివారం మధ్యాహ్నం, ఆర్గాన్ గది తాళంచెవి మర్చిపోయి వెనక్కి వచ్చినప్పుడు, వంటింటి వైపు నుంచి డాల్డా డబ్బా మోగడం వినిపించింది. దాని మీద ఒక గొంతు. టీచర్ నడక దానంతటదే నెమ్మదించింది.

వంటింటి అరుగు మీద వంటామె గురువమ్మ, హాస్టల్‌కి చేపలు వేసే పెదజాలరిపేట వరహాలమ్మ, నలుగురైదుగురు విద్యార్థులు కూర్చున్నారు. నడుమ సింహాచలం, తువ్వాలు నడుముకి బిగించి, డబ్బా చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. రెండో సంవత్సరం ప్రభుదాసు పక్కన నిలబడి వంత అందుకుంటున్నాడు. కథేమిటంటే, ప్రిన్సిపాల్ గారు స్కూటరెక్కి ద్వారకా నగర్‌లో మీటింగుకి బయల్దేరిన వైనం.

"తెల్లసొక్కా ఏసినాడు, పెద్దోరు బయల్దేరె..."

"ఏటైందయ్యా, ఏటైంది?" అన్నాడు ప్రభుదాసు.

"తన్నినాడు ఒక్క తన్ను, తన్నినాడు రెండు తన్నులు, స్కూటరేమో నానొల్లనన్నాదీ..."

"ఔనయ్యా ఔను!"

వరహాలమ్మ పొట్ట పట్టుకుని నవ్వుతోంది. టీచర్ నవ్వలేదు. చెవి ఒగ్గి వింటోంది. 'ఒల్లనన్నాదీ' దగ్గర కుర్రాడు గొంతు పైకి విసిరాడు. అది సూటిగా పంచమం మీద వెళ్లి వాలింది, తొణక్కుండా నిలబడింది, తర్వాత మెట్టు మెట్టుగా దిగి షడ్జం దగ్గర ఆగింది. మూడు నెలలు మిరియాల పాలు పోసినా రాని 'స' అది.

టీచర్ అరుగు దగ్గరికి వచ్చేసరికి డబ్బా ఆగిపోయింది. పిల్లలు లేచి నిలబడ్డారు. ప్రిన్సిపాల్ గారి మీద కథ కాబట్టి ఇక చీవాట్లే అనుకున్నారు.

"ఈ గొంతు ఇన్నాళ్లూ ఎక్కడ దాచావయ్యా?" అంది.

సింహాచలం తువ్వాలు విప్పేశాడు. "అది పాట కాదండీ టీచరమ్మా. అది కథండి."

"కథైతే?"

"కథలో నానుండనండీ. అదే ఎల్తాది. పాటంటే నాను పాడాలి కదండీ."

వాళ్ల తాత అప్పలస్వామి, జముకు అనే వాద్యం మోతకి ఆడుతూ పాడుతూ, జముకుల కథ చెప్పేవాడట. చుట్టుపక్కల అమ్మవారి పండగలకి ఆయన కథ లేకపోతే జనం కదిలేవాళ్లు కాదట. చిన్నప్పుడు ఆయన వెనక నిలబడి వంత పాడేవాడు సింహాచలం. ఇంట్లోవాళ్లు సంఘంలో చేరారు, తాత చేరలేదు, ఎవరినీ ఆపనూ లేదు. కొన్నాళ్లకి ఊళ్లో వీడియోలు వచ్చి కథలు ఆగిపోయాయి. జముకు ఇప్పుడు వాసానికి వేలాడుతోంది.

"ఇవి సెమినరీలో సెప్పకూడదు కదండీ. అందుకే వంటింటికాడ సెప్తన్నాను," అన్నాడు.

ఆ రాత్రి భోజనం దగ్గర హెప్సిబా టీచర్ పరధ్యానంగా ఉందని చెల్లెలు గమనించింది. టీచర్‌కి చిన్నప్పటి సంగతొకటి గుర్తొచ్చింది. నాన్నగారు విజయనగరం దగ్గర పనిచేసే రోజుల్లో, వీధి మొదట్లో జముకు గుంయ్ గుంయ్‌మని మోగితే కిటికీలో నిలబడి వింది. నాన్నగారు కోప్పడలేదు. వచ్చి, మెల్లగా కిటికీ మూశారు. ఆ తర్వాత ఆవిడ తన కిటికీలు తానే మూసుకుంటూ వచ్చింది.

సెలవులయ్యాక సింహాచలం గుడ్డసంచిలో జముకు పట్టుకొచ్చాడు. పొడుగాటి ఇత్తడి చెంబులాంటిది. ఒక వైపు తోలు బిగించి, తోలు మధ్య నుంచి నరం తీసి, దాన్ని లాగి మీటుతారు. ఎలకలు తోలు కొరికేశాయి, నరం తెగిపోయింది. టీచర్ అతన్ని వెంటబెట్టుకుని పూర్ణా మార్కెట్ వెనక సందులో ఉన్న లతీఫ్ కొట్టుకి వెళ్లింది. హార్మోనియంలు, తబలాలు, డోలక్‌లు బాగుచేసే కొట్టు అది. సెమినరీ హార్మోనియం ఎప్పుడు దగ్గినా అక్కడికే వెళ్లేది.

లతీఫ్ జముకుని తిప్పి తిప్పి చూశాడు. "బహుత్ అచ్ఛా. ఇలాంటిది చూసి చాలా ఏళ్లయింది టీచరమ్మా. మేకతోలు వేస్తాను. నరం కూడా మేకదే పడాలి."

"చర్చిలో వాయించాలి, మంచిది వెయ్యండి," అంది టీచర్. అలా అనేసిందని అన్నాకే తెలిసింది. పక్కన సింహాచలం ఆవిడ మొహంలోకి చూశాడు.

లతీఫ్ నవ్వాడు. "చర్చిలో మా మేక ఎప్పటి నుంచో ఉంది కదమ్మా. మీ ఆర్గాన్ ఓడ దిగినప్పుడు సముద్రం నీళ్లకి తడిసి, లోపల తిత్తి కుళ్లిపోయిందంట. దాన్ని తెచ్చిన దొర మా తాత దగ్గరికి వచ్చాడంట. తాత మేకతోలు వేసి కుట్టాడు. మీరు రోజూ తొక్కేది అదే."

"అది ఇంగ్లండు ఆర్గానండీ."

"ఒళ్లు ఇంగ్లండుదే. ఊపిరి మాదమ్మా," అన్నాడు లతీఫ్, జముకు మీద సుద్దతో గుర్తు పెట్టుకుంటూ.

లతీఫ్ కబుర్లలో సగానికి సగం కోయాలని ఊరందరికీ తెలుసు. అయినా మర్నాడు టీచర్ ఆర్గాన్ వెనక చెక్క విప్పించి, టార్చిలైటు వేసి చూసింది. తిత్తి అంచున మందపాటి నల్లదారంతో, హార్మోనియం రిపేరు నుంచి వచ్చిన ప్రతిసారీ తాను చూసే అడ్డదిడ్డపు కుట్టే ఉంది. ఆవిడ చెక్క బిగించి చేతులు దులుపుకుంది. ఆ తర్వాత చీర సర్దుకుని ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్లింది.

ఫిబ్రవరిలో సెమినరీ డెబ్బై అయిదేళ్ల పండగ. బిషప్ గారు వస్తారు, పాత విద్యార్థులు వస్తారు. కృపాదానం గారు సెమినరీ చరిత్ర ఉపన్యాసం రాస్తున్నారు. అప్పటికే బల్ల మీద కాగితాల దొంతర లేచింది.

"చరిత్ర మీరు చదవండి సార్. చదివేముందు సింహాచలం జముకుల కథగా చెబుతాడు," అంది టీచర్.

ప్రిన్సిపాల్ కళ్లజోడు తీశారు. ఆయన మంచివారు, నెమ్మదస్తులు, అచ్చులో ఉన్నట్టే మాట్లాడేవారు. "అది అమ్మవార్ల జాతరలలో చెప్పే ప్రక్రియ కదమ్మా. బిషప్ గారి ఎదుట శోభిస్తుందా?"

"మన ఆర్గాన్ ఊపిరి లతీఫ్ తాత కుట్టిన మేకతోలు సార్. నేను ఇప్పుడే చూసొచ్చాను. దాని మీద ఇన్నేళ్లు దేవుణ్ని స్తుతించాం, ఆయన వద్దనలేదు. జముకుదీ మేకతోలే."

ప్రిన్సిపాల్ కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "స్కూటరు ప్రస్తావన ఉండదు కదా?" అన్నారు చివరికి.

ఆయనకి ఎవరు చెప్పారో టీచర్‌కి తెలీదు. "ఉండదు సార్," అంది.

కథ తయారు చేయడం మొదలైంది. సంస్థాపకుడు విట్లీ దొర. ఆయన దిగిన రోజుల్లో ఇంకా హార్బరు లేదు. ఓడలు సముద్రంలోనే లంగరేస్తే జనాన్ని పడవల్లో ఒడ్డుకి తెచ్చేవాళ్లు. ప్రిన్సిపాల్ గారి ఉపన్యాసంలో దొర బైబిలు చేతబట్టుకుని దిగి, ఇసకలో మోకరించి ప్రార్థన చేశాడు. వంటింటి అరుగు మీద అది విని వరహాలమ్మ ఒప్పుకోలేదు.

"మోకాళ్లేటి, ఆ ఇట్లీ దొర బోర్లా పడ్డాడు. పడవలో కక్కుకున్నాడంట పాపం. మా మావ తాతే ఎత్తి ఒడ్డున ఏసి, కొబ్బరి బొండం కొట్టి తాగించినాడు. నేపోతే ఆ దొరా నేడు, ఈ సెమినరీ నేదు."

వారం తర్వాత మళ్లీ అడిగితే కొబ్బరి బొండం కాస్తా గంజి అయింది. ఆ పైవారం దొరతో పాటు దొరసాని కూడా పడింది. దొరకి అప్పటికి పెళ్లే కాలేదని టీచర్ చెప్పింది.

"అయితే ఆవిడెవరో మరి," అంది వరహాలమ్మ, ఏమాత్రం తగ్గకుండా.

ఈ సంగతి పాకింది. రోజుకొకరు వచ్చి తమవాళ్లని కథలో పెట్టమనేవాళ్లు. తోటమాలి తన తాత వేసిన మామిడి మొక్కని పెట్టమన్నాడు. రిటైరైన ఒక పాదిరి గారు, మొదటి బ్యాచి ఇద్దరు విద్యార్థుల్లో రాత్రి గోడ దూకి ఇంటికి పారిపోయినవాడు తన పెదనాన్నేనని, ఆయన మళ్లీ తిరిగొచ్చాడన్న సంగతి మాత్రం మర్చిపోవద్దని చెప్పి వెళ్లారు. సింహాచలం ఎవరికీ కాదనలేదు. "ఊరికి ఊరంతా ఉంటేనే కథండీ," అనేవాడు. మోకరించడం, బోర్లా పడటం రెండింట్లో ఏది పెట్టాలన్న చోట మాత్రం ఆగాడు.

"రెండూ పెట్టు. ముందు పడ్డాడు, తర్వాత మోకరించాడు. పడి లేచినవాడు ప్రార్థన చేయడంలో వింతేముంది?" అంది టీచర్. ప్రిన్సిపాల్ గారికి కూడా అది నచ్చింది. ఉపన్యాసంలో ఒక వాక్యం మార్చుకున్నారు.

రోజూ సాయంత్రం రిహార్సల్. సింహాచలం కథకుడు, ప్రభుదాసు వంత, మూడో సంవత్సరం అబ్బాయి జముకు. టీచర్ కుర్చీలో కూర్చుని తాళం వేస్తూ, ఎక్కడ ఎవరు అందుకోవాలో సరిచేసేది. ఇంటికి వెళ్లి కూర తరుగుతూ వంత గొణుక్కునేది. చెల్లెలు విని, "ఏటైందక్కా?" అంటే, "ఔనయ్యా ఔను," అనేసి ఉలిక్కిపడేది.

పండగ తెల్లవారితే అనగా, ప్రభుదాసుకి ఒళ్లంతా నీటి పొక్కులు లేచాయి. డాక్టరు ఆటలమ్మ అన్నాడు. హాస్టల్ చివరి గదిలో దుప్పటి కప్పి పడుకోబెట్టారు. వాకిట్లో వేపమండ కట్టింది గురువమ్మ. "అమ్మోరి కథ మానీసి దొర కథ సెప్తామంటే ఆవిడ ఊరుకుంటాదా? సూసెల్దామని తనే ఒచ్చింది," అంది. ప్రిన్సిపాల్ గారు వేపమండ వైపు చూసి, ఏదో అనబోయి, క్రిమిసంహారిణిగా మంచిదేలే అని వెళ్లిపోయారు.

వంత లేకుండా జముకుల కథ లేదు. అందరూ కలిసి ఆర్గాన్ గదికి వచ్చారు. సింహాచలం గుమ్మంలోనే నిలబడ్డాడు.

"వంత మొత్తం తెలిసినోళ్లు ఇంకొకరే ఉన్నారండీ," అన్నాడు.

"ఎవరు?" అంది టీచర్. అందరూ ఆవిడ వైపే చూశారు.

"నేనా? నాకు యాభై ఏడేళ్లయ్యా."

"వంతకి వయసు నేదండీ."

"నేను జనం ముందు నిలబడి ఎరగను. నాకూ జనానికీ మధ్య ఆర్గాన్ ఉంటుంది ఎప్పుడూ."

"మీ పక్కన నానుంటాను కదండీ," అన్నాడు సింహాచలం. సాయంత్రాలు 'స' అందుకోమని కూర్చోబెట్టినప్పుడు, మిరియాల పాలు గ్లాసు చేతికిస్తూ ఆవిడ అతనితో మాట్లాడిన గొంతు లాగే ఉంది అది. ఆవిడ ఇక కాదనలేకపోయింది.

పండగ రోజు చాపెలు ముందు పందిరి వేశారు. ముందు వరసలో బిషప్ గారు, పాత విద్యార్థులు. వెనక వరహాలమ్మ జాలరిపేట నుంచి ఒక వరస జనాన్ని వెంటేసుకొచ్చింది. లతీఫ్ భార్య షబానాతో కలిసి వచ్చి, పందిట్లో ఓ పక్కన పెట్టిన ఆర్గాన్ కనిపించే చోటు చూసుకుని కూర్చున్నాడు. ఎర్ర తలపాగా చుట్టుకున్న ముసలాయన ఒకాయన చివరన స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. అప్పలస్వామి. పాలకొండ నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చాడు.

జముకు గుంయ్‌మంది. సింహాచలం గజ్జెల కాలు నేల మీద వేసి, సముద్రంలో ఓడని నిలబెట్టాడు.

"ఒచ్చినాడు ఒచ్చినాడు ఇట్లీ దొర ఒచ్చినాడు..."

ఇప్పుడు వంత. టీచర్ నోరు తెరిచింది. "ఏటైందయ్యా, ఏటైంది," అని సన్నగా, తీగలాగా, క్రిస్మస్ రాత్రి పాడే గొంతుతో వచ్చింది. పందిట్లో ఎవరో కిసుక్కుమన్నారు. టీచర్ చెవులు వేడెక్కాయి. పారిపోదామంటే ఎటూ దారి లేదు.

సింహాచలం కథ ఆపలేదు. ఆవిడ వైపు తిరిగి, కథలోనే అన్నాడు. "ఓ వంతమ్మా, ఇది గుడి కాదే, సముద్రపొడ్డు. అలలు గోల పెడతన్నాయి. దొరకి ఇనపడాలా వద్దా?"

"వినపడాలయ్యా," అంది టీచర్, తనకి తెలీకుండానే, కొంచెం గట్టిగా.

"పడవోడికి ఇనపడాలా వద్దా?"

"వినపడాలి!"

"అయితే అడగవే వంతమ్మా..."

"ఏటైందయ్యా, ఏటైంది?" ఈసారి గొంతు పొట్టలోంచి లేచింది. అలాంటి గొంతు తనలో ఉన్నట్టు ఆవిడకి అంతవరకూ తెలీదు. వరహాలమ్మ ఈల వేసింది.

ఆ తర్వాత ఆవిడకి భయం గుర్తులేదు. దొర బోర్లా పడ్డాడు, మోకరించాడు. కొబ్బరి బొండం తాగాడు, పైన గంజి కూడా తాగాడు. అద్దె గొడౌనులో బడి పెట్టాడు. ఇద్దరు శిష్యుల్లో ఒకడు గోడ దూకాడు, తిరిగొచ్చాడు. లతీఫ్ తాత ఆర్గాన్‌కి ఊపిరి పోశాడు. ఆ చోట లతీఫ్ లేచి అందరికీ సలాం పెట్టాడు. సరిగ్గా అప్పుడే గోడవతల గూడ్సు బండి వచ్చింది. పందిరి గడగడలాడింది. అలవాటు కొద్దీ అందరూ ఆగిపోయేవాళ్లే గానీ, సింహాచలం జముకు వైపు చెయ్యి ఊపాడు. జముకు బండి చక్రాల నడక అందుకుంది. కాలు కూడా అదే నడకలో వేస్తూ, సింహాచలం దొర మిగతా శిష్యుల్ని ఆ బండిలోంచే దించాడు. ఊరికొకణ్ని, పేరుపేరునా. ఒక్కొక్క పేరుకీ టీచర్ "ఔనయ్యా ఔను" అంది. ఆ పేర్లలో ఒకటి ఆవిడ నాన్నగారిది. ముందుగా చెప్పకుండా పెట్టాడు సింహాచలం. ఆ ఒక్క "ఔను" మాత్రం కొంచెం ఆలస్యంగా వచ్చింది.

చివరికొచ్చేసరికి దొరకి చలిజ్వరం. బడి ఎత్తేసి, ఆర్గాన్ అమ్మేసి ఓడెక్కి వెళ్లిపోతానన్నాడు. ఆర్గాన్ మోగక వీధంతా బోసిపోయింది. పడవవాళ్లు, కుట్టుపనివాళ్లు, మార్కెట్లో కూరలమ్మేవాళ్లు ఒక్కొక్కరే వచ్చి గొడౌను ముందు కూర్చున్నారు. వాళ్లకి దేవుడి సంగతి తెలీదు, దొర భాష తెలీదు. పాట ఎందుకు ఆగిందని మాత్రం అడిగారు. దొర మంచం మీద నుంచి లేచాడు, దుప్పటి కప్పుకునే ఆర్గాన్ తొక్కాడు. వెళ్లలేదు.

పందిరి చప్పట్లతో నిండిపోయింది. బిషప్ గారు కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. కృపాదానం గారు మైకు దగ్గరికి వచ్చి, చేతిలోని దొంతర చూసుకుని, "సెమినరీ చరిత్ర ఇప్పుడే విన్నాం. నా ఉపన్యాసం అచ్చు వేయిస్తాను, కావలసినవారు ఇంటి వద్ద చదువుకోవచ్చును," అన్నారు. ఆ రోజు అన్నిటికంటే ఎక్కువ చప్పట్లు దానికే పడ్డాయి.

భోజనాల దగ్గర అప్పలస్వామి టీచర్ ముందుకి వచ్చి చేతులు జోడించాడు. "గొంతు బాగున్నాదమ్మా. మీరు మేకు కొట్టినట్టు నిలబడిపోనారు గానీ, వంత పాడినోళ్లు కాలు కదపాల."

"వచ్చేసారి కదుపుతానండీ," అంది టీచర్. విస్తరి ముందు కూర్చున్నాక ఆయన మనవడి వీపు మీద చెయ్యి వేసి, అన్నం తిన్నంతసేపూ తీయలేదు.

ఆ తర్వాతి సంగతులు ఇలా జరిగాయి. ఏప్రిల్ పరీక్షలో సింహాచలం కీర్తన పాడాడు, టీచర్ నిజాయితీగా ఫెయిల్ చేసింది. ఆవిడ సర్వీసులో అదే మొదటి ఫెయిలు. మర్నాడే వెళ్లి, సంగీతం పరీక్షలో జానపద కథాగానం కూడా ఉండాలని ప్రిన్సిపాల్ గారితో వాదించి గెలిచింది. మరుసటేడు దాన్లో సింహాచలం మొదటివాడు. 2001లో పట్టా పుచ్చుకుని పాలకొండ వైపే వెళ్లాడు. ఆదివారం పాటలు అక్కడ అతని భార్య కామేశ్వరి పాడిస్తుందట, వాక్యం అతను చెబుతాడట. వినడానికి పక్క ఊళ్ల నుంచి కూడా వస్తారట.

పండగ సాయంత్రం మాత్రం హెప్సిబా టీచర్ అలసిపోయి, గొంతు బొంగురుపోయి, గేటు బయట ఆటో ఎక్కింది. డ్రైవరు గేరు వేస్తూ అద్దంలో చూశాడు.

"టీచరమ్మా, వంత పాడింది మీరే కదండీ? నాను గోడవతల ఆటో ఆపుకొని ఇన్నాను. ఇంతలో కిరాయొచ్చింది, సగంలో ఎల్లిపోవలసొచ్చింది. మజ్జానం నించి అదే ఆలోసిత్తన్నాను. దొరకి జొరమొచ్చింది కదా, ఏటి, ఎల్లిపోనాడా?"

"వెళ్లలేదు బాబూ, ఉండిపోయాడు," అంది.

"అలగ ఒక్కముక్కలో సెప్పీకండి. మొదలెట్టండి."

టీచర్ చుట్టూ చూసింది. పక్కన సిటీ బస్సు ఆగి ఉంది, కిటికీల నిండా జనం. ఆవిడ పైట బిగించుకుని, బస్సు హారన్ మీదుగా వినిపించేట్టు, దొర మంచం ఎక్కిన చోటు నుంచి అందుకుంది. డ్రైవరు వేగం తగ్గించాడు. రైలు గేటు దాటారు, వంతెన దిగారు, పూర్ణా మార్కెట్ దాటారు. కూరలమ్మేవాళ్లు గొడౌను ముందుకొచ్చి కూర్చునేసరికి ఆటో చెల్లెలి ఇంటి సందు దాటి వెళ్లిపోయింది. ఇద్దరిలో ఎవరూ చూసుకోలేదు.